60 అడుగుల దొడ్లో 65 మీటర్ల ట్రాక్

మా ఇంటి వెనక 300 గజాల ఖాళీ జాగా ఉంది. పొడవు 60 అడుగులు, వెడల్పు 45. పదో తరగతి పరీక్షలు రాసేసి వేసవికి వచ్చిన మా మేనల్లుడు చంకలో రిమోట్ కారు పెట్టుకుని దొడ్డంతా ఓసారి తిరిగొచ్చాడు. "మామయ్యా, ఇక్కడ ట్రాక్ వేద్దాం" అన్నాడు. ఆ రాత్రే నోటు పుస్తకంలో బొమ్మ గీసేశాడు. ఆరు లేన్లు, మూడు జంప్‌లు, ఒక వంతెన. బొమ్మ నాకు బాగా నచ్చింది. కానీ అందులో ఒక్క అంకె కూడా లేదు. మర్నాడు పొద్దున్నే టేపు, కాలిక్యులేటరు పట్టుకుని ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఆ లెక్కలు చేసినందుకే మా ట్రాక్ ఈరోజుకీ నడుస్తోంది. దొడ్డి ఉండి, ఇంట్లో ఇలాంటి కోరిక ఉన్న పిల్లలో పెద్దలో ఉన్నవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు కారు సంగతి. రేడియోతో నడిచే కార్లు మొదట అమ్మకానికి వచ్చింది 1966లో, ఇటలీలోని రెజ్జో ఎమీలియా నుంచి. ఎల్-జీ (El-Gi) అనే కంపెనీ ఫెరారీ 250 ఎల్‌ఎమ్ నమూనా చేసింది. జపాన్ కంపెనీ టామియా 1976లో పోర్షె 934తో ఈ రంగంలోకి దిగాక ఇది ఇంటింటి సరదా అయింది. మట్టి మీద నడిచే 1/10 స్కేలు ఎలక్ట్రిక్ కార్లకు 1985లో కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో ప్రపంచ పోటీ కూడా పెట్టారు. మా వాడి కారు ఆ కోవదే, 1/10 బగ్గీ. వెడల్పు 25 సెంటీమీటర్లు, పొడవు 40, బరువు కిలోన్నర పైచిలుకు, టైరు ఎత్తు 8.5 సెంటీమీటర్లు. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పదిమంది ఒకేసారి నడిపినా ఒకరి సిగ్నల్ ఇంకొకరి కారుకి తగలదు.

ఈ 25 సెంటీమీటర్ల వెడల్పే ట్రాక్ మొత్తానికి కొలబద్ద. లేన్ వెడల్పు కారు వెడల్పుకి 8 రెట్లు ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. అంటే 2 మీటర్లు. రెండు కార్లు పక్కపక్కన పోవాలి, మూడోది దాటే ప్రయత్నం చేయాలి, ఎవరి చెయ్యి కాస్త వణికినా అంచుకి కొట్టుకోకూడదు. 4 రెట్లకి దించితే ఒక్క కారు పోవడమే కష్టం. పక్కన ఇంకొకరు ఉంటే ఆట కాస్తా గొడవవుతుంది. ఇదే నియమంతో 1/8 స్కేలు పెద్ద బగ్గీకి, అంటే 31 సెంటీమీటర్ల కారుకి, 2.5 మీటర్ల లేన్ కావాలి. 300 గజాలు దానికి ఇరుకు. 7 సెంటీమీటర్ల వెడల్పుండే 1/28 చిన్న కారుకైతే 56 సెంటీమీటర్లు చాలు, హాల్లో కార్పెట్ పరిచి ట్రాక్ వేసుకోవచ్చు. దొడ్డి లేదని ఎవరూ ఈ సరదా వదులుకోనక్కర్లేదు.

ఇక అసలు విషయం, మలుపు.

మా వాడి బొమ్మలో ఆరు లేన్లు పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో పైపు మాత్రమే అడ్డు. ట్రాక్‌కి అందే 11 మీటర్ల వెడల్పులో ఆరు లేన్లంటే ఒక్కోటి 1.8 మీటర్లు. ఒక లేన్‌లోంచి పక్క లేన్‌లోకి తిరిగే యూ టర్న్ వ్యాసార్థం లేన్ నడిమి నుంచి కొలిస్తే 0.9 మీటరు. కారు మలుపులో ఎంత వేగంతో జారకుండా పోగలదో చెప్పే లెక్క హైస్కూల్లో చదువుకున్నదే. నేల పట్టుని గురుత్వ త్వరణంతో, దాన్ని మలుపు వ్యాసార్థంతో గుణిస్తే వేగం వర్గం వస్తుంది. తడిపి గట్టిపరిచిన మట్టి మీద మంచి టైరు పట్టు 0.8 అనుకున్నాం. 0.8 × 9.8 × 0.9 చేసి వర్గమూలం తీస్తే సెకనుకి 2.66 మీటర్లు. గంటకి 9.6 కిలోమీటర్లు. వీధిలో పరుగెత్తే కుర్రాడు దాన్ని దాటిపోగలడు.

అందుకని రెండు లేన్లు తీసేశాం. 2 మీటర్ల లేన్లు నాలుగు, వాటి మధ్య మీటరు వెడల్పున మూడు మట్టి దిబ్బలు. నాలుగు రెళ్లు ఎనిమిది, మూడు కలిపితే 11 మీటర్లు. ఇప్పుడు యూ టర్న్ వ్యాసార్థం 1.5 మీటర్లు, వేగం సెకనుకి 3.4 మీటర్లు, గంటకి 12.3 కిలోమీటర్లు. వ్యాసార్థం రెట్టింపైతే వేగం రెట్టింపు కాదు. వేగం రెట్టింపు కావాలంటే వ్యాసార్థం నాలుగు రెట్లు కావాలి. చిన్న దొడ్లో అంత జాగా ఎవరికీ ఉండదు. ఉన్నంతలో మలుపుకి ఎంత ఇవ్వగలమో అంతా ఇచ్చి, మిగిలింది స్ట్రెయిట్‌కి ఇవ్వాలి. చాలామంది ముందు పొడవాటి స్ట్రెయిట్ గీసుకుని మిగిలిన మూలల్లో మలుపులు ఇరికిస్తారు. ట్రాకులు పాడయ్యేది అక్కడే.

మా ట్రాక్ రూపం చెబుతాను. ఒకటో లేన్ పొడవాటి స్ట్రెయిట్, 11.5 మీటర్లు. చివర యూ టర్న్. రెండో లేన్‌లో వెనక్కి 8.5 మీటర్లు. మళ్లీ యూ టర్న్, మూడో లేన్‌లో ముందుకి 8.5. మూడో యూ టర్న్, నాలుగో లేన్‌లో వెనక్కి 11.5. అక్కడ ఎల్ ఆకారంలో తిరిగి 6 మీటర్ల అడ్డ లేన్, ఇంకో ఎల్ మలుపు, మళ్లీ ఒకటో లేన్. స్ట్రెయిట్లన్నీ కలిపి 46 మీటర్లు, మలుపులు 19. ఒక రౌండు 65 మీటర్లు.

సమయం ఎంత? మలుపులోంచి సెకనుకి 3.4 మీటర్లతో బయటపడ్డ కారు, మట్టి మీద సెకను సెకనుకీ మరో 5 మీటర్ల వేగం పుంజుకుంటుందనీ, బ్రేకు వేస్తే సుమారు 6 చొప్పున తగ్గుతుందనీ అనుకుని లెక్క వేశాం. 11.5 మీటర్ల స్ట్రెయిట్‌లో సగం దాటగానే, 6.3 మీటర్ల దగ్గరే బ్రేకు వేయాలి. ఆ క్షణంలో వేగం గంటకి 31 కిలోమీటర్లు, అంతకు మించదు. పొట్టి స్ట్రెయిట్‌లో 27. రౌండు మొత్తానికి 13.6 సెకన్లు. సగటు గంటకి 17 కిలోమీటర్లు. పెట్టె మీద 70 అని రాసున్న కారు కొన్నా ఈ దొడ్లో దానికి 70 చూసే వీలే లేదు. మోటారు మీద పెట్టే డబ్బు టైర్ల మీద పెట్టమని నేనందరికీ చెప్పేది ఇందుకే.

ఆ 13.6 సెకన్లలో మలుపుల్లో గడిచేది 5.5 సెకన్లు. పొడవులో మలుపుల వాటా 29 శాతమే, కాలంలో 40 శాతం. 5 నిమిషాల పందెంలో 22 రౌండ్లు, రౌండుకి అయిదు చొప్పున 110 మలుపులు. ఒక్కో మలుపులో పదోవంతు సెకను పోగొట్టుకున్నవాడు చివరికి 11 సెకన్లు, అంటే దాదాపు ఒక రౌండు వెనకబడతాడు. ఈ లెక్క చూపించాక మా వాడు వంతెన మాట ఎత్తలేదు. వాడే రబ్బరుతో చెరిపేశాడు.

జంప్ మాత్రం వదులుకోలేదు. వదులుకోవద్దు కూడా, కారు గాల్లోకి లేచే ఆ అర సెకను కోసమే కదా పిల్లలు వస్తారు. అయితే ఒక్కటి చాలు, దాన్ని సరిగ్గా కట్టాలి. ఎక్కుడు వాలు 20 డిగ్రీలు, ఎత్తు 30 సెంటీమీటర్లు. అంటే వాలు అడుగు పొడవు 82 సెంటీమీటర్లు. పైన 2 మీటర్ల చదును, తర్వాత అదే 20 డిగ్రీల దిగుడు వాలు. సెకనుకి 5.6 మీటర్ల వేగంతో అంచు దాటిన కారు మళ్లీ అంచు ఎత్తుకి దిగేసరికి 0.39 సెకను పడుతుంది. అంచు నుంచి 19 సెంటీమీటర్లు పైకి లేచి, మళ్లీ అంచు ఎత్తుకి వచ్చేసరికి 2.06 మీటర్లు దాటుతుంది. చదును 2 మీటర్లే కాబట్టి దిగుడు వాలు మీద వాలుతుంది. కాస్త నెమ్మదిగా వచ్చిన పిల్లాడి కారు చదును మీద పడుతుంది, గుంటలో పడదు. రెండు దిబ్బల మధ్య గుంట వదిలే జంప్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ నేర్చుకునేవాళ్ల కార్లను విరిచేస్తుంది.

దిగుడు వాలు ఎంత ముఖ్యమో మాకు తెలిసింది ఒక సస్పెన్షన్ ఆర్మ్ విరిగాక. మొదట్లో మట్టి చాలక దిగుడు వాలు కట్టకుండా ఆపేశాం. మూడో రోజు కారు ఎగిరి నేరుగా నేల మీద పడింది. టప్‌మని చప్పుడు, ముందు ఎడమ చక్రం వేలాడుతోంది. లెక్క చూస్తే అర్థమైంది. 50 సెంటీమీటర్ల పైనుంచి చదును నేల మీద పడితే కారు నేలను గుద్దే వేగం సెకనుకి 3.1 మీటర్లు. అదే కారు 20 డిగ్రీల దిగుడు వాలు నడిమిన వాలితే, వాలు మీదికి గుద్దే వేగం 0.6 మాత్రమే. అయిదో వంతు. మర్నాడే తట్టలతో మట్టి మోసి వాలు కట్టాం.

జంప్ ఏ లేన్‌లో పెట్టాలో నిర్ణయించింది మేం నిలబడే చోటు. కారు నడిపేవాడు ట్రాక్ పక్కన నిలబడి చూస్తూ నడపాలి. నేల మీద నిలబడితే కళ్ల ఎత్తు మీటరున్నర. 8 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల దిబ్బ ఉంటే దాని వెనక 2 మీటర్ల నేల, అంటే సరిగ్గా ఒక లేన్ వెడల్పు కనబడదు. మీటరు ఎత్తు అరుగు మీద నిలబడితే ఆ చీకటి 1.1 మీటరుకి తగ్గుతుంది. అందుకని ఒకటో లేన్ పక్కన 6 అడుగుల జాగా వదిలి పాత మంచం చట్రం మీద చెక్కలు పరిచి అరుగు చేశాం. జంప్‌ని అన్నిటికంటే దూరంగా, నాలుగో లేన్‌లో పెట్టాం. దాని వెనక దాగేది ప్రహరీ గోడే. పైగా ఆ లేన్ పొడవు 11.5 మీటర్లు కాబట్టి ఎగిరి దిగాక బ్రేకు వేయడానికి 5 మీటర్లకు పైనే మిగులుతుంది. 8.5 మీటర్ల లేన్‌లో పెడితే బొటాబొటీగా రెండున్నర మీటర్లు మిగిలేది.

ట్రాక్ బయట వదిలే జాగా మీద కూడా పిసినారితనం వద్దు. గంటకి 31 కిలోమీటర్లంటే సెకనుకి 8.6 మీటర్లు. కళ్లు చూసి వేలు కదలడానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో కారు 2.15 మీటర్లు పోతుంది, లేన్ వెడల్పు కంటే ఎక్కువ. అందుకే పొడవులో మిగిలిన 6 అడుగుల్ని మూడు మూడుగా పంచకుండా, స్ట్రెయిట్ చివర 5, ఈ వైపు 1 వదిలాం. ఆ 5 అడుగుల్లో ఎండుగడ్డి కట్టలు పేర్చాం. గోడకి తగలాల్సిన కార్లు ఎన్నో గడ్డిలో దూరి ఆగాయి.

మట్టి దగ్గర మాత్రం తొందరపడకండి. నల్లరేగడి అసలు పనికిరాదు. తడిస్తే ఉబ్బి టైరుకి చుట్టుకుంటుంది, ఎండితే అరచెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. వట్టి ఇసుకైతే నిలవదు. కావలసింది కొంత బంక ఉన్న ఎర్రమట్టి. ట్రాక్టరు వాడిని లోడు దించమనే ముందు రెండు దోసిళ్ల మట్టి తెచ్చుకుని పచ్చడి సీసాలో సగానికి పోసి, నీళ్లు నింపి, బాగా గిలకొట్టి కిటికీలో పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకి చేరుతుంది. రెండు మూడు గంటల్లో దాని మీద ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి మర్నాటికి గానీ దిగదు. అప్పుడు స్కేలు పెట్టి పొరలు కొలవండి. మొత్తంలో బంక పొర నాలుగో వంతు దగ్గర ఉంటే ఆ మట్టి తెప్పించుకోవచ్చు. మేం మూడు చోట్ల మట్టి చూశాం. మొదటి సీసాలో బంక గీతంత కూడా లేదు. రెండోదాంట్లో సగం అదే. మూడోది చెరువు గట్టు అవతలి మిట్టది, 12 సెంటీమీటర్ల మట్టిలో 3 సెంటీమీటర్ల బంక. మా వాడు ఆ సీసాని కడగనివ్వకుండా అరుగు కింద దాచుకున్నాడు.

పరిమాణం ఇలా వచ్చింది. 65 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. ఆరున్నర ఘనపు మీటర్లు. కానీ తవ్వి తెచ్చిన వదులు మట్టి దిమ్మిస కొడితే కుదించుకుపోతుంది కాబట్టి 30 శాతం కలుపుకోవాలి. ఎనిమిదిన్నర ఘనపు మీటర్లు, అంటే 300 ఘనపుటడుగులు. ట్రాక్టరు లోడు సుమారు 100 ఘనపుటడుగులు కాబట్టి మూడు లోడ్లు. జంప్‌కి ఇంకో 80 ఘనపుటడుగులు, కాబట్టి నాలుగు. దిబ్బలకి దొడ్లో చెక్కిన మట్టే సరిపోయింది. ధరలు ఊరికో తీరుగా ఉంటాయి, పరిమాణం చేతిలో ఉంటే బేరం మీరే ఆడుకోవచ్చు.

మట్టి పరిచాక మొదటి వారం దుమ్ముతో చచ్చాం. నాలుగు రౌండ్లకే కారు కనబడడం మానేసేది, పక్కింట్లో ఆరేసిన బట్టల మీద ఎర్రటి పొర. అమ్మ అరుగు మీద కూర్చుని రెండు రోజులు చూసింది. మూడో రోజు అంది, "కళ్లం చేసినట్టు చెయ్యండర్రా. పొడి మట్టిని ఎంత బాదినా ఏం లాభం?" పెళ్లయిన కొత్తలో పదేళ్లు ఏటా కళ్లం చేసిన మనిషి. నీళ్లు చల్లించి రాత్రంతా నాననిచ్చింది. తెల్లారి గుప్పెడు మట్టి తీసి పిసికి ముద్ద చేసి, మోకాలెత్తు నుంచి వదిలింది. ముద్ద రెండు ముక్కలైంది. "ఇప్పుడు కొట్టు" అంది. పిండిలా రాలితే తడి చాలనట్టు, చప్పిడిగా అతుక్కుపోతే ఎక్కువైనట్టు. దిమ్మిసతో ఒక చివర నుంచి కొట్టుకుంటూ వచ్చి, ఆ మీద పేడనీళ్లతో పల్చగా అలికాం. రెండు రోజులు ఆరనిచ్చాక కారు నడిపితే వెనక దుమ్ము లేవలేదు. రోడ్ల ఇంజనీర్లు ప్రయోగశాలలో మట్టిని గట్టిపరచడానికి సరైన తేమ శాతం తేల్చే పరీక్ష కూడా ఆ ముద్ద పరీక్షకి దగ్గరి చుట్టమే.

ఆ పొర నిలవాలంటే ఆడే ముందు నీళ్లు చల్లాలి. 130 చదరపు మీటర్ల లేన్ మీద 2 మిల్లీమీటర్ల తడికి 260 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లయితే 13. అంత నీళ్లు ఎందుకనుకునే రోజు ఈ లెక్క గుర్తు చేసుకుంటాను. మట్టి పొడిబారి పట్టు 0.8 నుంచి 0.5కి పడిపోతే మలుపు వేగం 12.3 నుంచి 9.8కి దిగుతుంది. మలుపుల్లోనే రౌండుకి దాదాపు సెకనున్నర, పందెంలో రెండు రౌండ్లు పోతాయి. తేమ పట్టి ఉంచడానికి కొన్ని ట్రాకుల్లో కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. కొబ్బరిచెట్లూ బావీ ఉన్న దొడ్లో లవణాలు చల్లడానికి నేను ఒప్పుకోను.

అంచులకి 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు వేసి చూశాం, కారు దాని మీదుగా దర్జాగా దూకేసింది. టైరు వ్యాసార్థం 4.2 సెంటీమీటర్లు కాబట్టి అంతకు మించిన ఎత్తు కావాలి. పొలానికి నీళ్లు పెట్టే రెండున్నర అంగుళాల చుట్ట పైపు, చిరిగిపోయి మూలన పడేసింది, పక్క ఊళ్లో దొరికింది. మూడేసి మీటర్ల ముక్కలు కోసి ఇసుక నింపి రెండు మూతులూ కట్టేశాం. రెండు అంచులకీ కలిపి 130 మీటర్లు, ఇసుక 14 ఘనపుటడుగులు పట్టింది. బరువుకి కదలదు, మెత్తగా ఉంటుంది కాబట్టి కారు గుద్దినా ఏదీ విరగదు.

కానీ ఆ పైపే మొదటి వానకి మమ్మల్ని ముంచింది. దొడ్డిని అరుగు వైపు నుంచి ప్రహరీ వైపు నూటికి 2 చొప్పున వాలుగా చేశాం, 13.7 మీటర్లకి 27 సెంటీమీటర్లు. కారుకి ఆ వాలు తెలియదు, నీటికి తెలుస్తుంది. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 300 గజాల మీద 12,500 లీటర్లు, రెండున్నర ట్యాంకర్ల నీళ్లు. అదంతా దిగిపోతుందని ధీమాగా పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే ఇసుక పైపులు చిన్న చిన్న ఆనకట్టలై, ప్రతి లేన్ ఒక మడి అయి కూర్చుంది. ఆరడానికి ఎనిమిది రోజులు పట్టింది, రెండో యూ టర్న్ పూర్తిగా తిరగ్గొట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి ముక్కకీ ముక్కకీ మధ్య రెండంగుళాల సందు వదిలాం. ఆ సందులోంచి కారు పోదు, నీరు పోతుంది. ప్రహరీ వారన జానెడు లోతు కాలవ తీసి కొబ్బరి పాదులకి మళ్లించాం.

రోజూ ఆడితే వారానికోసారి గాడి పూడ్చాలి. యూ టర్న్ లోపలి అంచు దగ్గర అన్ని కార్లూ ఒకే చోట తిరుగుతాయి కాబట్టి అక్కడ రెండు సెంటీమీటర్ల లోతున గీత పడుతుంది. తట్టెడు మట్టి, చెంబెడు నీళ్లు, దిమ్మిస. పావుగంట పని.

కాగితం మీద రౌండు 13.6 సెకన్లు. మా వాడి ఉత్తమం ఇప్పటికి 14.2. ఫోన్‌లో వీడియో తీసి లేన్ లేన్‌గా విడదీసి చూశాం. స్ట్రెయిట్లలో లెక్కకీ వాడికీ తేడా లేదు. ఆ 0.6 సెకనులో సగానికి పైగా రెండో యూ టర్న్‌లోనే పోతోంది. వాన తర్వాత మేం తిరగ్గొట్టిన మలుపు అది. టేపు పెట్టి కొలిస్తే వ్యాసార్థం 1.5 ఉండాల్సింది 1.2 మీటర్లే వచ్చింది. ఈ ఆదివారం దిబ్బ అంచు ఒక అడుగు చెక్కుతున్నాం.